రంగు చివర, నడక ముందు

పగడపు దిబ్బ మీద మొదటిసారి డైవ్ చేసినవాళ్లు పడవ ఎక్కీ ఎక్కగానే అడిగే ప్రశ్న ఒకటుంది. "నీలం ఒంటి మీద పసుపు గీతలున్న చేప కనపడింది, దాని పేరేంటండీ?" డైవ్ మాస్టర్‌కు ఎంత అనుభవమున్నా ఆ ఒక్క ఆనవాలుతో పేరు చెప్పలేడు. అండమాన్ నీళ్లలో ఆ వర్ణనకు సరిపోయే చేపలు చాలా ఉన్నాయి. అందుకే అతను ఎదురు ప్రశ్నలు వేస్తాడు. గుండ్రంగా ఉందా, కోలగా ఉందా? ఎంత పొడవు? ఒంటరిగా తిరుగుతోందా, జంటగానా, గుంపులోనా? తోక ఊపుతోందా, పక్క రెక్కలు ఆడిస్తోందా? రాతిని గీరుతోందా, నీళ్లలో తేలుతున్నదేదో ఏరుకుంటోందా? అవతలివాళ్ల దగ్గర వీటిలో ఒక్కదానికీ జవాబుండదు. చూపు రంగు దగ్గరే ఆగిపోయింది కాబట్టి మిగతావేవీ చూడలేదు.

చేపను గుర్తుపట్టడంలో రంగుకు దక్కాల్సింది ఆఖరి చోటు. మొదట చూడాల్సింది ఆకారం, తర్వాత ఈత, ఆ తర్వాత అది ఎక్కడ ఉంది, ఏం చేస్తోంది అన్నవి. ఇవన్నీ చూశాక ఇంకా ఇద్దరు ముగ్గురు అనుమానితులు మిగిలితే అప్పుడు రంగును అడగాలి. ఈ వరుస తిరగేస్తే ఎన్ని డైవ్‌లు చేసినా చేపలు పరిచయం కావు.

ఎందుకో తెలియాలంటే ముందు నీళ్ల సంగతి తెలియాలి. ఎండలో కలిసి ఉన్న రంగులన్నిటినీ సముద్రం ఒకే తీరున లోపలికి రానివ్వదు. ఎరుపును అన్నిటికంటే ముందు పీల్చేసుకుంటుంది. 5 మీటర్ల లోతుకే ఎరుపు బాగా పలచబడుతుంది, 10 మీటర్లు దాటితే ఇక పేరుకే మిగులుతుంది. తర్వాత నారింజ, ఆపైన పసుపు తగ్గుతూ పోతాయి. తేట నీళ్లలో చాలా లోతు దాకా చేరేది నీలమే. 20 మీటర్ల లోతున వేలు గీసుకుపోతే రక్తం ఎర్రగా కాక ముదురు పచ్చగా కనపడి కొత్త డైవర్లు కంగారు పడటం మామూలే.

సోల్జర్ ఫిష్, స్క్విరల్ ఫిష్ అనే చేపలు పగలంతా రాతి చూరుల కింద, గుహల నోళ్లలో గుంపులుగా నిలబడి ఉంటాయి. పుస్తకంలో చూస్తే ఎర్రెర్రగా మెరుస్తుంటాయి. నీళ్లలో మాత్రం మసకబారిన బూడిద రంగు నీడల్లా ఉంటాయి. టార్చి వేయగానే ఆ గుంపంతా ఒక్కసారిగా ఎర్రబడుతుంది. ఇవి రాత్రిపూట మేతకు వెళ్లే చేపలు, అందుకే కళ్లు అంత పెద్దవి. ఎర్రటి కాంతి చేరని చోట ఎర్రటి ఒళ్లు దాదాపు నల్లటి ఒంటితో సమానం, దాక్కోవడానికి అంతకంటే మంచి వేషం లేదు. రంగును నమ్ముకుని వెతికేవాడికి ఈ కుటుంబం మొత్తం కనపడకుండా పోతుంది. పెద్ద కన్ను, చూరు కింద నిశ్చలంగా నిలబడే గుణం చూసినవాడికి టార్చి లేకపోయినా దొరికిపోతుంది.

కొన్ని చేపలు పగటికీ రాత్రికీ రంగులు మార్చేస్తాయి. పగలు దిబ్బ అంచున నీలంగా ప్రవాహంలా సాగే ఫ్యూసిలియర్లు రాత్రి రాళ్ల మధ్య నిద్రకు చేరాక ఒంటినిండా ఎరుపు పులుముకుంటాయి. భయపడినా, పోట్లాడినా, ఆడదాన్ని వెంబడిస్తున్నా క్షణాల్లో ఛాయ మార్చే చేపలు ఇంకా ఎన్నో.

పరిమాణం విషయంలోనూ మన కన్ను మోసపోతుంది. మాస్కు అద్దానికి అటు నీరు, ఇటు గాలి. వెలుతురు ఆ హద్దు దాటేటప్పుడు వంగడం వల్ల ప్రతిదీ ఉన్నదానికంటే దాదాపు మూడోవంతు పెద్దదిగా, ఉన్న దూరంలో మూడొంతులకే వచ్చినంత దగ్గరగా కనపడుతుంది. 30 సెంటీమీటర్ల గ్రూపర్ 40 సెంటీమీటర్లదిగా అనిపిస్తుంది. పలక మీద పొడవు రాసేటప్పుడు ఈ తేడా కొట్టేయాలి. అలవాటున్నవాళ్లు తమ అరచేతిని పక్కన ఊహించుకుని పోలుస్తారు, చెయ్యి కూడా అంతే పెద్దదిగా కనపడుతుంది కనుక లెక్క సరిపోతుంది.

వీధి చివర నుంచి వస్తున్న మనిషి ముఖం ఇంకా కనపడకముందే "మావయ్య వస్తున్నాడు" అనేస్తాం కదా, ఆ భుజాల వాలు, ఆ అడుగు తీరు చూసి. దిబ్బ మీద చేపనూ అలాగే పోల్చుకోవాలి. ప్రతి కుటుంబానికీ తనదైన నడక ఉంది.

చిలుక చేపలు, వాటికి దగ్గరి బంధువులైన ర్యాస్‌లు మామూలు వేగంలో తోకను వాడవు. రొమ్ము రెక్కలు రెండిటినీ తెడ్లలా వేస్తూ ఎగిరెగిరి పడుతున్నట్టు పోతాయి, ఏదైనా తరిమితేనే తోక కొడతాయి. ట్రిగర్ ఫిష్‌లు వీపు వెనక భాగపు రెక్కను, దాని కిందనున్న రెక్కను అలల్లా ఆడిస్తూ ఒళ్లు కదపకుండా జారుతుంటాయి. కోస్తాలో పారలని పిలిచే ట్రెవల్లీలు గట్టి తోక ఒక్కటే కొడుతూ నీలి నీళ్లలోంచి దూసుకొచ్చి దిబ్బ అంచున ఒక చుట్టు తిరిగి మాయమవుతాయి. గ్రూపర్ అసలు ఈదదు అన్నట్టే ఉంటుంది. పొట్ట నేలకు ఆనించి, రొమ్ము రెక్కలు పరిచి, పెద్ద నోరు ముడుచుకుని కూర్చుని చూస్తూ ఉంటుంది. ట్రంపెట్ ఫిష్ ఒక్కోసారి తలకిందులుగా నిలువునా వేలాడుతూ సముద్రపు విసనకర్ర (సీ ఫ్యాన్) అనే పగడపు కొమ్మల మధ్య తానూ ఒక కొమ్మైపోతుంది. ఇవన్నీ పది మీటర్ల దూరం నుంచి, రంగు ఏమాత్రం తెలియని నీలిమసకలోనే పట్టుకోగలిగిన ఆనవాళ్లు.

ట్రిగర్ ఫిష్ దగ్గర ఒక్క మాట ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ గుర్తుపట్టడం సరదా కాదు, భద్రత. వీటిలో పెద్ద చేపల్లో ఒకటి టైటాన్ ట్రిగర్, 75 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. గుడ్లు పెట్టిన కాలంలో ఇసుకలో గుంట చేసి కాపలా కాస్తుంది, చొరబడినవాళ్ల మీదికి నేరుగా వస్తుంది. దాని పళ్లు గుల్లల్ని పగలగొట్టేవి. వీపు మీద మొదటి ముల్లు నిక్కబొడుచుకుని, ఒళ్లు కాస్త పక్కకు వంచి మనవైపు చూస్తోందంటే వెళ్లిపొమ్మని చెబుతున్నట్టే. అప్పుడు పైకి లేవకూడదు. అది కాపలా కాసే జాగా గుంట దగ్గర సన్నగా మొదలై పైకి పోయేకొద్దీ గరాటులా వెడల్పవుతుందని డైవర్లు అనుభవంతో చెబుతారు. నేలకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి, ఫిన్లు దానివైపు ఉంచాలి.

ఇక పక్కల నుంచి నొక్కినట్టు పలచగా, గుండ్రంగా ఉండే చేపలు. కొత్తవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా చూసేదీ, ఎక్కువగా తికమకపడేదీ వీటి దగ్గరే. ఈ ఆకారంలో ప్రధానంగా మూడు కుటుంబాలు: బటర్‌ఫ్లై ఫిష్ అనే సీతాకోక చేపలు, ఏంజెల్ ఫిష్‌లు, సర్జన్ ఫిష్‌లు. మూడింటిలోనూ పసుపు, నీలం, నలుపు, తెలుపు రకరకాలుగా కలిసి ఉంటాయి. రంగుతో వేరు చేయబోతే ఎంతకీ తెమలదు. రెండు చోట్ల చూస్తే చాలు.

మొదటిది చెంప. ఏంజెల్ ఫిష్ మొప్ప మూతకు దిగువన వెనక్కి పొడుచుకొచ్చిన ఒక ముల్లు ఉంటుంది. బాగా దగ్గరికి వెళ్లనక్కర్లేదు, చేప పక్కకు తిరిగినప్పుడు చెంప అంచున కొక్కెంలా కనపడుతుంది. సీతాకోక చేపకు ఆ ముల్లు లేదు. దానికి ముందుకు సాగిన మూతి, చాలా జాతుల్లో కంటి మీదుగా దిగే నల్ల పట్టీ ఉంటాయి. కన్ను ఎక్కడుందో శత్రువుకు తెలియకుండా చేసే ఏర్పాటది, కొన్ని జాతులు తోక దగ్గర దొంగ కన్ను కూడా పెట్టుకుంటాయి. రెండో చోటు తోక మొదలు. సర్జన్ ఫిష్ తోక సన్నబడే చోట రెండు పక్కలా కత్తిలాంటి ముల్లుంటుంది. చాలా జాతుల్లో అది ఒక గాడిలో మడిచి ఉంటుంది, తోక విసిరినప్పుడు విచ్చుకుని కోస్తుంది. శస్త్రచికిత్స చేసే వైద్యుడి పేరు దానికి ఊరికే రాలేదు. చెంప మీద ముల్లయితే ఏంజెల్, తోక దగ్గర కత్తయితే సర్జన్, రెండూ లేక మూతి సాగి ఉంటే సీతాకోక చేప. ఈ మూడు ముక్కలు తెలిస్తే దిబ్బ మీది గుండ్రటి చేపల్లో చాలావరకు కుటుంబం తేలిపోతుంది.

కుటుంబం తేలిన తర్వాత జాతి దగ్గర మరో చిక్కు ఎదురవుతుంది. పిల్లలూ పెద్దలూ ఒకలా ఉండరు. ఎంపరర్ ఏంజెల్ ఫిష్‌నే చూడండి. పెద్ద చేప ఒంటినిండా నీలం పసుపు చారలు, కళ్లకు ముసుగు కట్టినట్టు నల్ల పట్టీ. పిల్ల చేప ముదురు నీలం, దాని మీద ఒకదానిలో ఒకటిగా తెల్లటి వలయాలు. రెండింటినీ పక్కపక్కన పెట్టినా ఒకటేనని ఎవరూ అనుకోరు. శాస్త్రవేత్తలే అనుకోలేదు. పెద్దదానికి 1787లో పేరు పెట్టాక, పిల్లను వేరే జాతిగా భావించి నికోబార్ దీవుల పేరుతో ఇంకో శాస్త్రీయ నామం ఇచ్చారు. రెండూ ఒకటేనని తేలాక ఆ నికోబార్ పేరు రద్దయింది. అయితే పిల్లకూ చెంప ముల్లుంది, పెద్దకూ ఉంది. రంగు మారినా ఆ ముల్లు మారలేదు.

ఆడ మగ తేడా మరింత లోతైనది. చిలుక చేపల్లోనూ ర్యాస్‌లలోనూ చాలా జాతులు ఆడగా బతికి తర్వాత మగగా మారతాయి. ఆడగా ఉన్నన్నాళ్లు మట్టి రంగు, బూడిద రంగు. మగగా మారాక పచ్చ, నీలం, గులాబీ. అంటే మనం రెండు జాతులని రాసుకున్నవి ఒకే చేప బతుకులోని రెండు దశలు కావచ్చు. క్లౌన్ ఫిష్‌లలో ఇది ఎదురు తిరుగుతుంది: ఎనిమొనీ మధ్యన ఉండే కుటుంబంలో అన్నిటికంటే పెద్దది ఆడ, రెండోది మగ, మిగతావి ఎదగకుండా ఆగిన చిన్నవి. ఆడది చనిపోతే మగది ఆడగా మారుతుంది, చిన్నవాటిలో పెద్దది మగ స్థానంలోకి వస్తుంది. వీటిని గుర్తుపట్టేటప్పుడు చేపతోపాటు అది ఉన్న ఎనిమొనీ ఏదో కూడా రాసుకోవడం మంచిది, ఏ క్లౌన్ ఫిష్ ఏ ఎనిమొనీలో ఉండగలదన్నదానికి హద్దులున్నాయి.

చిలుక చేపల దగ్గర కాసేపు ఆగి చెవి కూడా పెట్టాలి. నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్ల వేగంతో, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా, ప్రయాణిస్తుంది. అందువల్ల ఏ దిక్కు నుంచి వస్తోందో చెప్పలేం కానీ వినపడటం మాత్రం స్పష్టంగా వినపడుతుంది. దిబ్బ మీద ఎప్పుడూ ఉండే చిటపటలు స్నాపింగ్ రొయ్యలవి. మధ్య మధ్యలో గరగరమని రాతిని కొరికిన చప్పుడు వస్తే అది చిలుక చేప. దాని పళ్లు కలిసిపోయి ముక్కులా తయారయ్యాయి. ఆ ముక్కుతో చచ్చిన పగడపు రాతిని గీరి, మీదున్న పాచినీ సూక్ష్మజీవులనూ తిని, రాతిని గొంతులోని మరో జత పళ్లతో పిండి చేసి ఇసుకగా విసర్జిస్తుంది. ఆ ఇసుక జారడం కళ్లతోనే చూడొచ్చు. వీటిలో అతిపెద్దదైన బంప్‌హెడ్, మీటరు దాటి పెరిగే చేప, ఒక్కొక్కటి ఏడాదికి 5 టన్నులకు పైగా దిబ్బ రాతిని కొరుకుతుందని ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో జరిగిన పరిశోధన అంచనా వేసింది. అండమాన్‌లోనూ ఇది ఉంది కానీ అరుదు. దాని నుదుటి బుడిపె చూశాక రంగు ఎవరికి కావాలి?

ఇప్పుడు అసలు పరీక్ష. దిబ్బ మీద కొన్ని చేపలు కావాలని వేరే చేపలా వేషం వేసుకుంటాయి. రంగును నమ్మేవాళ్లను మోసం చేయడమే వాటి బతుకుతెరువు.

ఐబుల్స్ ఏంజెల్ ఫిష్ అని చిన్న ఏంజెల్ ఉంది. ఆస్ట్రియా దేశపు జంతు ప్రవర్తన శాస్త్రవేత్త ఐబుల్ ఐబెస్‌ఫెల్ట్ పేరు పెట్టారు దానికి. లేత బూడిద ఒంటి మీద సన్నటి నారింజ గీతలు అలల్లా నిలువునా దిగుతాయి, వెనక భాగం నలుపు. ఇదే వేషంలో, ఇదే కొలతలో, ఇదే రాళ్ల మధ్య తిరిగే మరో చేప ఉంది. అది ఏంజెల్ కానే కాదు, ఒక సర్జన్ ఫిష్ పిల్ల. పెద్దయ్యాక ముదురు గోధుమ రంగులోకి మారిపోయే ఈ సర్జన్, పిల్లప్పుడు మాత్రం ఏంజెల్ బట్టలు కట్టుకుని తిరుగుతుంది. చెంప ముల్లుండి చటుక్కున రాతి సందులో దూరగల ఏంజెల్ జోలికి వేటచేపలు అంతగా పోవు కాబట్టి ఆ నీడన ఇదీ బతికిపోతుందని శాస్త్రవేత్తలు భావిస్తారు. గీతలు లెక్కపెట్టి దీన్ని పట్టుకోలేరు. చెంప చూడండి, ముల్లు లేదు. తోక మొదలు చూడండి, చిన్న కత్తి ఉంది. ఇంతసేపూ చెప్పుకున్న రెండు ఆనవాళ్లే ఇక్కడ తీర్పు చెబుతాయి.

క్లీనింగ్ స్టేషన్ దగ్గర జరిగే మోసం ఇంకా చూడదగ్గది. దిబ్బ మీద ఒక రాతి బుడిపె దగ్గర గ్రూపర్లు, స్వీట్‌లిప్స్, స్నాపర్లు వరుస కట్టినట్టు నిలబడి ఉంటే అక్కడ క్లీనర్ ర్యాస్ ఉందని అర్థం. వేలెడు పొడవు, నీలం ఒంటి మీద తల నుంచి తోక దాకా పోనుపోను వెడల్పయ్యే నల్ల చార. అది వెనక భాగాన్ని పైకీ కిందికీ ఊపుతూ గంతులేసి గిరాకీని పిలుస్తుంది. గ్రూపర్ నోరు తెరిచి, మొప్పలు విప్పి నిలబడుతుంది. ర్యాస్ లోపలికి దూరి పరాన్నజీవులనూ చచ్చిన చర్మాన్నీ ఏరి తిని బయటికొస్తుంది. మింగేయగలిగి కూడా గ్రూపర్ మింగదు. ఈ నమ్మకం మీద బతికే ఒక బ్లెన్నీ చేప ఉంది, దొంగ క్లీనర్. అదే నీలం, అదే చార, అదే గంతు. దగ్గరికొచ్చిన చేప రెక్క అంచు కొన్నిసార్లు కొరికి పారిపోతుంది. తేడా అంతా నోట్లో ఉంది. నిజమైన క్లీనర్ నోరు మూతి కొసన ఉంటుంది, దొంగదాని నోరు మూతి కింద, గడ్డం దగ్గర. ఒక్క నిమిషం ఊపిరి నెమ్మదిగా వదులుతూ, ఇసుక లేవకుండా పక్కన తేలుతూ ఉంటే అది పక్కకు తిరిగినప్పుడు నోరు కనపడుతుంది. గిరాకీ చేప ఉలిక్కిపడటం కూడా ఒక గుర్తే.

మూడో జత మరీ చిన్నది. శాడిల్ టోబీ అనే విషపు పఫర్, దాని వేషం వేసే ఫైల్ ఫిష్. రెండూ తెల్లటి ఒంటి మీద నాలుగు నల్ల పట్టీలతో ఉంటాయి. విషం పఫర్‌కే ఉంది, లాభం ఇద్దరికీ. వీపు వెనక రెక్క చూస్తే చాలు. పఫర్‌ది పొట్టి రెక్క, ఫైల్ ఫిష్‌ది పొడుగ్గా సాగిన రెక్క. ఈతలో ఆ రెక్క ఎలా ఆడుతోందో చూస్తే రంగు వంక చూడాల్సిన పనే ఉండదు.

చేపలు తమలో తాము ఎలా గుర్తుపడతాయన్నదీ అడగాల్సిందే. ఆంబన్ డామ్‌సెల్ అనే పసుపు చేప, దానికి దాదాపు కవలలాంటి మరో పసుపు డామ్‌సెల్ ఒకే దిబ్బ మీద ఉంటాయి. మన కళ్లకు తేడా పట్టుకోవడం కష్టం. ఉల్రికె సీబెక్, ఆమె సహచరులు 2010లో ప్రచురించిన పరిశోధనలో తేలిందేమిటంటే, వీటి ముఖాల మీద అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనపడే సన్నటి చుక్కలు, గీతల ముగ్గులున్నాయి, ఆంబన్ డామ్‌సెల్ వాటిని చూసే తన జాతినీ పరజాతినీ వేరు చేస్తుంది. ఆ కాంతి మన కంటికి అందదు. డామ్‌సెల్ కుటుంబం ఎంతో అనుభవమున్నవాళ్లను కూడా ఇబ్బంది పెట్టడానికి ఇదొక కారణం. వాటి దగ్గర జాతి తేల్చలేకపోతే కుటుంబం రాసి వదిలేయడమే నిజాయితీ అని నా అభిప్రాయం.

అయితే రంగుకు అసలు పనే లేదా? ఉంది, చిట్టచివర. పసుపు ఒంటి మీద నీలి గీతలున్న స్నాపర్ల గుంపులు అండమాన్ దిబ్బల మీద వందలకొద్దీ నిలబడి ఉంటాయి. ఆకారం, ఈత, గుంపు అలవాటు అన్నీ ఒకటే. ఇక్కడ గీతలు లెక్కపెట్టాలి. అయిదు గీతలుంటే ఒక జాతి. నాలుగే ఉంటే పొట్ట చూడాలి. పొట్ట వైపు సన్నటి బూడిద గీతలు అస్పష్టంగా ఉంటే కస్మీరా స్నాపర్, పొట్ట శుభ్రంగా తెల్లగా ఉంటే బెంగాల్ స్నాపర్. ఒకే గుంపులో మూడూ కలిసి ఉండొచ్చు. కుటుంబం తేలిపోయింది కాబట్టే ఈ లెక్కకు విలువ వచ్చింది.

ఏ సముద్రంలో ఉన్నామన్నది కూడా ఒక ఆనవాలే. విశాఖ నుంచి ఓడలో వెళ్లగల పోర్ట్ బ్లెయిర్, 2024 నుంచి శ్రీ విజయపురం, మన శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు ఎందరో ఉన్న ఊరు. అక్కడి నుంచి ఫెర్రీలో స్వరాజ్ ద్వీప్, అంటే పాత హావ్‌లాక్, చేరితే డైవింగ్ సెంటర్లు ఉంటాయి. ఈ అండమాన్ దీవులు హిందూ మహాసముద్రపు జాతులూ పసిఫిక్ వైపు జాతులూ కలిసే చోటికి దగ్గరగా ఉన్నాయి. అందువల్ల ఆస్ట్రేలియా పుస్తకమో, మాల్దీవుల పుస్తకమో ఒక్కటే పట్టుకుని వెళితే సరిపోదు. ఒక ఉదాహరణ: పసుపు ఒళ్లు, కంటికి నల్ల పట్టీ, తోక మొదట నల్ల మచ్చ ఉన్న సీతాకోక చేప. పసిఫిక్‌లో ఉండే దాని దగ్గరి బంధువుకు ఒంటి పక్కన నీలి మచ్చ ఉంటుంది. అండమాన్ చేపకు ఆ మచ్చ లేదు. 1999లో క్యూటర్, డెబేలియస్ దాన్ని వేరే జాతిగా వర్ణించి అండమాన్ పేరే పెట్టారు.

చేపలను ఆకారంతో పోల్చే చదువుకు మన తీరంలోనే పాత పునాది ఉంది. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉండి, జాలర్లు తెచ్చిన చేపలను బొమ్మలు వేయించి, వాళ్లు పిలిచే పేర్లతో సహా నమోదు చేశాడు. 200 చేపల ఆ గ్రంథం 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయింది. ఒక లయన్ ఫిష్‌కూ ఒక స్నాపర్‌కూ శాస్త్రీయ నామాల్లో ఆయన పేరుంది, రక్తపింజరి పాముకున్నట్టే. వలలోంచి తీసిన చేప రంగు కొద్దిసేపట్లోనే వెలిసిపోతుంది. కనుక ఆ కాలం శాస్త్రవేత్తలు రెక్కల్లోని ముళ్లను, పొలుసుల వరుసలను, దంతాలను నమ్ముకున్నారు. నీళ్లలోకి దిగి బతికున్న చేపను చూసే అవకాశం మనకు వచ్చాక రంగు మత్తులో పడి ఆ పాత క్రమశిక్షణ వదులుకోవడం నాకు నష్టంగానే అనిపిస్తుంది.

ఆ క్రమశిక్షణను డైవర్ల కోసం తిరిగి తెచ్చినవాడు అమెరికన్ ఫోటోగ్రాఫర్ పాల్ హ్యూమన్. 1989లో వచ్చిన ఆయన కరీబియన్ చేపల పుస్తకం శాస్త్రీయ వర్గీకరణ వరుసలో కాక, చేపలు నీళ్లలో ఎలా కనపడతాయో ఆ పోలికల ప్రకారం గుంపులు కట్టింది. మరుసటి ఏడాది ఆయన, నెడ్ డిలోచ్ కలిసి రీఫ్ అనే సంస్థను స్థాపించారు. దాని పద్ధతి చాలా సులువు. డైవ్ చేస్తూ ఇష్టమొచ్చినట్టు తిరగండి, కచ్చితంగా గుర్తుపట్టిన జాతులు మాత్రమే రాయండి, సంఖ్యను నాలుగు మెట్లలో చెప్పండి: ఒకటి, 2 నుంచి 10, 11 నుంచి 100, వంద పైన. కావలసిన సామాను ఒక ప్లాస్టిక్ పలక, దానికి కట్టిన పెన్సిల్. పెన్సిల్ నీళ్లలోనూ రాస్తుంది. పేరు తెలియని చేపకు ఒంటి గీత గీసి, చెంప, తోక మొదలు, నోరు ఉన్న చోట్ల గుర్తులు పెట్టి, రంగు చివర రాయాలి. కెమెరా ఉన్నా ఈ పని మానకూడదు. ఫోటో చేప పక్క భాగాన్ని పట్టిస్తుంది, ఈతను పట్టించదు.

మొదలుపెట్టేవాళ్లకు ఒక్క కుటుంబం చాలు, అది సీతాకోక చేపలైతే మేలు. పగలే తిరుగుతాయి, చాలావరకు జంటగా ఉంటాయి, ఒక జాగా వదలవు, మనిషిని చూసి మరీ బెదరవు. ప్రపంచం మొత్తం మీద 130 దాకా జాతులున్నా ఒక దిబ్బ మీద తరచుగా ఎదురయ్యేవి తక్కువే. స్వరాజ్ ద్వీప్ చుట్టూ బూడిద ఒంటికి తెల్ల కంటె వేసుకుని ఎర్ర తోకతో గుంపుగా నిలబడే కొల్లేర్, వీపు రెక్క నుంచి దారంలాంటి పోగు వెనక్కి సాగిన ఆరిగా, వంకర గీతల వాగబాండస్, ఊదా గీతలు పక్కల నిండా అడ్డంగా సాగిన ట్రైఫాసియాటస్. వీటితో మొదలుపెట్టవచ్చు.

ఈ కుటుంబాన్నే ఎంచుకోమనడానికి ఇంకో బలమైన కారణం ఉంది. సముద్రం వేడెక్కినప్పుడు పగడాలు తమలో బతికే సూక్ష్మ శైవలాలను వెళ్లగొట్టి పాలిపోతాయి. అండమాన్ దిబ్బలు 1998లో, 2010లో, 2016లో ఈ దెబ్బ తిన్నాయి, 2010లో బాగా గట్టిగా. పగడం పూర్తిగా చచ్చిపోయాక కూడా దాని రాతి గూడు కొన్నాళ్లు అలాగే నిలబడి ఉంటుంది, పైన పాచి పట్టి పచ్చగా కూడా కనపడుతుంది. పర్యాటకుడికి దిబ్బ బాగానే ఉందనిపిస్తుంది. సీతాకోక చేపలు ఆ పొరపాటు చేయవు. ట్రైఫాసియాటస్ బతికేది బతికున్న పగడపు పాలిప్‌లను కొరుక్కుతినే. వాగబాండస్, ఆరిగా మాత్రం పురుగులు, పాచి, చిన్న జీవులు ఏది దొరికితే అది తింటాయి. ఏటా ఒకే చోట, ఒకే నెలలో, ఒకే లోతున ఈ మూడింటినీ విడివిడిగా లెక్క రాస్తూ పోతే, వాగబాండస్ అంకె కదలకుండా ట్రైఫాసియాటస్ అంకె ఏడాదికేడాది రెండో మెట్టు నుంచి మొదటిదానికి, అక్కడి నుంచి సున్నాకు దిగిందంటే ఆ దిబ్బకు తిండి పెట్టే పగడం పోయిందని అర్థం. ఒక్క పసుపు చేప అని రాసుకున్న పలకలో ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు, మూడు పేర్లూ విడిగా రాసిన పలకలో నాలుగైదేళ్లలో బయటపడుతుంది.